కాయలు కాసిన ఎండుమండ

అనగనగనగా, ఓడలకి ఇంకా ఇనుప మేకులు కొట్టడం తెలియని రోజుల్లో, పలకల్ని కొబ్బరితాళ్ళతో కుట్టుకుని జనం సముద్రం మీదికి పోయే రోజుల్లో, మువ్వలరేవు అని ఒక పట్నం ఉండేది. ఆ పట్నంలో కంచరి వీధి. ఆ వీధిలో గవరయ్య అనే కంచరి.

గవరయ్య కంచు కరిగించి గంటలు పోసేవాడు. పళ్ళేలు పోసేవాడు. చెంబులు పోసేవాడు. అతనికి భార్య నూకమ్మ ఉంది, తమ్ముడు ఎర్రయ్య ఉన్నాడు. అమ్మానాన్నా పోయేనాటికి ఎర్రయ్యకి మూడేళ్ళు. తమ్ముణ్ణి చంకనేసుకుని కొలిమి ఊదినవాడు గవరయ్య. అంత ప్రాణం వాడంటే.

ఎర్రయ్యకి ఇరవై రెండేళ్ళు వచ్చాయి. అన్న కొత్తగా పోసిన గంటలన్నీ మూట కట్టుకుని, ఓడెక్కి, అవతలి తీరాన అమ్ముకొస్తానని వెళ్ళాడు. వెళ్ళినవాడు రాలేదు. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి, ఉలుకూ పలుకూ లేదు.

హోళీ పున్నమినాడు, మిట్టమధ్యాహ్నం, ఒక పడవవాడు వచ్చి గవరయ్య గుమ్మంలో నిలబడ్డాడు. వాడు మూగవాడు. మాట్లాడకుండా చెయ్యి చాపాడు. అరచేతిలో ఒక కంచు కడియం, ఒక తాటాకు ముక్క ఉన్నాయి.

ఆ కడియం గవరయ్య తన చేత్తో పోసి తమ్ముడి చేతికి తొడిగిందే. తాటాకు మీద ఇలా గీసి ఉంది: "మీవాడు మా ఓడలో ఉన్నాడు. మూడు వందల మాడలు పంపండి. ఏరువాక పున్నమి మధ్యాహ్నం దాకా, అంటే ఇంకో మూడు పున్నములు, ఆగుతాం. ఆ తర్వాత మా ఓడ దూరపు దీవులకి పోతుంది. అక్కడి సంతలో మనుషుల్ని కొంటారు."

సముద్రపు దొంగలర్రా! గవరయ్యకి కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. నూకమ్మ గుమ్మం పట్టుకుని అలాగే కూలబడిపోయింది. మాడ అంటే బంగారు నాణెం. కంచరివాడి ఇంట్లో మూడు మాడలుంటే గొప్ప. మూడు వందలు ఎక్కణ్ణించి తెస్తారు?

ఉన్నదల్లా ఆ ఇల్లే. తాత కట్టిన పెంకుటిల్లు. ముందు వసారా, మధ్యన మండువా, వెనక కొలిమి, పైన అటక. ఆ అటక నిండా అమ్ముడుపోని పాత గంటలూ పళ్ళేలూ వేలాడుతుండేవి.

"అమ్మేద్దాం మావా," అంది నూకమ్మ. "ఇల్లు మళ్ళీ కట్టుకుంటాం. మరిదిని మళ్ళీ కట్టుకోలేం కదా."

ఇక్కడ మీకు ఆ ఊరి ఆచారం ఒకటి చెప్పాలి. మువ్వలరేవులో ఇల్లు అమ్మదలచినవాడు వీధిపెద్ద ఎదుట గుమ్మానికి ఒక పచ్చి వేపమండ కట్టాలి. ఒక్కసారే కట్టాలి. ఇల్లు అమ్ముడయ్యేదాకా దాన్ని విప్పకూడదు, మార్చకూడదు. దారిన పోయేవాళ్ళు ఆ మండని చూసే సంగతి గ్రహించేవాళ్ళు. పచ్చగా ఉంటే ఇల్లు కొత్తగా అమ్మకానికి వచ్చిందని అర్థం. పసుపెక్కితే ధర ఎక్కువ చెబుతున్నారని అర్థం. ఎండి ఆకులు రాలితే మాత్రం, ఆ ఇంట్లో ఏదో ఉందని జనం గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు.

గవరయ్య ఆ సాయంత్రమే మండ కట్టాడు. మర్నాడు పొద్దున్నే ముగ్గురు దళారులు వచ్చారు. ఇల్లు అమ్మించి పెట్టి, వచ్చినదాంట్లో తమ వాటా తీసుకునేవాళ్ళు ఈ దళారులు.

మొదట వచ్చింది పైడమ్మ. ముసలావిడ. భుజాన కొలతాడు, చేతిలో చిన్న ఇనుపచువ్వ. వచ్చీ రాగానే కూర్చోలేదు, మంచినీళ్ళు అడగలేదు. గోడలు తట్టి చూసింది. నిచ్చెన వేయించుకుని అటక ఎక్కింది. ఒక గంట తర్వాత బూజు దులుపుకుంటూ దిగింది.

"నాయనా, ఈ వీధిలో నిరుడు మూడిళ్ళు నా చేతుల మీదుగా అమ్ముడుపోయాయి. ఒకటి నాలుగొందల యాభైకి, ఒకటి నాలుగొందల ఇరవైకి, ఒకటి నాలుగొందలకి. నీ ఇల్లు వాటికేం తీసిపోదు. కానీ పడమటి గోడ పగిలింది, ఆ పగులు అటక దాకా పాకింది. పెద్ద దూలం తలకి చెద పట్టింది. ఆ రెండూ కొనేవాడికి ముందే చూపిద్దాం. నాలుగొందల ముప్ఫై చెబుదాం. అమావాస్య లోపల అమ్మించి పెడతాను."

గవరయ్య మొహం మాడిపోయింది. తాత కట్టిన ఇల్లు. తను పుట్టిన ఇల్లు. దానికి వంకలు పెడుతుందా ఈవిడ? "చూద్దాంలే పెద్దమ్మా," అని పక్కకి తిరిగాడు.

రెండోవాడు అత్తరు సింహాద్రయ్య. వీధి మొదట్లో ఉండగానే వాసన వచ్చింది. వాడు గోడా తట్టలేదు, అటకా ఎక్కలేదు. మండువాలో నిలబడి రెండు చేతులూ చాపాడు.

"బావా! ఇది ఇల్లా, కోటా? వెయ్యి మాడలకి ఒక్క మాడ తగ్గినా నేను ఒప్పుకోను!"

"పడమటి గోడ పగిలిందిట..." అని నసిగాడు గవరయ్య.

"పగులా? బయటినించి ఇంత సున్నం పూయించెయ్యి బావా. కనపడకపోతే లేనట్టేగా!"

మూడోవాడు జగ్గారాయుడు. నిలబడ్డచోట నిలబడడు, వెనకాల ఎవరో తరుముతున్నట్టు మాట్లాడతాడు. "అన్నా, నాకు కోటలో మనుషులున్నారు. ఏడొందలకి కొనే ఆసామి ఉన్నాడు. ఎవరికీ చెప్పకు, నా ఒక్కడికే అప్పగించు," అని చెవిలో ఊదాడు.

ముగ్గురూ వెళ్ళిపోయారు. నూకమ్మ అంది, "పైడమ్మ మాటే నాకు నిజమనిపిస్తోంది మావా. ఆవిడొక్కతే అటక ఎక్కింది."

గవరయ్య వింటేనా! అతని చెవిలో వెయ్యి అనే మాట గంటలా మోగుతోంది. మూడొందలు తమ్ముడికి పోయినా ఇంకా ఏడొందలు మిగులుతాయి. కొత్త ఇల్లు, కొత్త కొలిమి, ఎర్రయ్యకి పెళ్ళి. తమ్ముడు దొంగల చేతిలో ఉన్నాడన్న భయం ఒకవైపు పీకుతున్నా, ఆశ దాని నోరు నొక్కేసింది. సింహాద్రయ్యకి ఇల్లు అప్పగించాడు. గోడకి బయటినించి సున్నం పూయించాడు. నిచ్చెన అందినంత మేర పూశారు. పైన చూరు కింద వేలెడంత సందు మిగిలిపోయింది. అంత ఎత్తున ఎవడు చూస్తాడులే అనుకున్నారు.

మొదటి వారంలోనే బియ్యం కొట్టు కూర్మయ్య వచ్చాడు. ఇల్లంతా తిరిగి చూసి, "నాలుగొందల ఇరవై ఇస్తాను గవరయ్యా, రేపే చేతిలో పెడతాను," అన్నాడు.

నూకమ్మ ప్రాణం లేచొచ్చింది. వెనకనించి మొగుడి పంచె కొంగు పట్టి లాగింది. "ఇచ్చెయ్యి మావా, ఇచ్చెయ్యి. రేపే పడవ పంపొచ్చు."

"వెయ్యికి నాలుగొందల ఇరవయ్యా? నన్ను చూస్తే వేళాకోళంగా ఉందా?" అన్నాడు గవరయ్య. కూర్మయ్య నవ్వి, ఉత్తరీయం దులుపుకుని వెళ్ళిపోయాడు. నాలుగు రోజులకి పక్కవీధిలో ఇంకో ఇల్లు కొనుక్కున్నాడు.

తర్వాత సింహాద్రయ్య రోజూ ఎవరినో ఒకరిని వెంటబెట్టుకుని వచ్చేవాడు. వాళ్ళు ఇల్లు చూసేవాళ్ళు, ధర వినేవాళ్ళు, గుడ్లు తేలేసి వెళ్ళిపోయేవాళ్ళు. ఒకనాడు గవరయ్య బజారుకి పోతూ సింహాద్రయ్య గొంతు విన్నాడు. పక్కవీధి మలుపులో నిలబడి ఒక షావుకారుతో అంటున్నాడు, "చూశారుగా అయ్యా, ఆ పగిలిన కొంపకే వెయ్యి అడుగుతున్నాడు. ఈ ఇల్లు ఐదొందలే. ఇంతకంటే చవక ఎక్కడ దొరుకుతుంది?"

విన్నారా! గవరయ్య ఇంటిని ఎరగా చూపించి పక్క ఇళ్ళు అమ్ముకుంటున్నాడు వాడు. గవరయ్య ఒళ్ళు మండిపోయింది. అక్కడికక్కడే వాణ్ణి నాలుగు దులిపి తరిమేశాడు. కానీ అప్పటికి మండ పసుపెక్కింది.

చైత్ర పున్నమి వచ్చింది. మిట్టమధ్యాహ్నం మూగ పడవవాడు గుమ్మంలో నిలబడ్డాడు. చెయ్యి చాపాడు. అరచేతిలో ఎర్రయ్య జుట్టు, నల్లటి పాయ, దారంతో కట్టి ఉంది.

నూకమ్మ దాన్ని కళ్ళకద్దుకుని ఏడ్చింది. గవరయ్యకి ఏడుపు కూడా రాలేదు. ఆ భయంలోనైనా పైడమ్మ దగ్గరికి పోవచ్చుగా? పోలేదర్రా. ఒకసారి కాదన్న మనిషి ముందు తల వంచడానికి సిగ్గు. జగ్గారాయుడి దగ్గరికి పరిగెత్తాడు.

"ఏడొందలే అన్నా, మాట మాటే," అన్నాడు జగ్గారాయుడు. రోజూ అదే మాట. కోటలో ఆసామి ఇవాళ వస్తాడు, రేపు వస్తాడు. అలా ఇరవై రోజులు గడిచాయి. మండ ఎండిపోయి ఆకులు రాలడం మొదలుపెట్టింది. పొద్దున్నే గుమ్మం ఊడుస్తూ ఆ ఆకులు చూసినప్పుడల్లా నూకమ్మ గుండె దడదడలాడేది.

"రేపు కోశాధికారి బావమరిది వస్తున్నాడన్నా," అన్నాడు జగ్గారాయుడు ఒకనాడు. "కానీ ఈ ఎండుమండ చూస్తే గుమ్మం ఎక్కుతాడా? రాత్రికి రాత్రి కాదు, పట్టపగలే మార్చెయ్యి. మధ్యాహ్నం ఊరంతా కునుకు తీస్తుంది, ఎవడు చూస్తాడు?"

గవరయ్యకి ముచ్చెమటలు పోశాయి. మండ మార్చిన ఇంటిని ఆ ఊరు నమ్మదు. తాత ముత్తాతల నాటినించి ఎవరూ మార్చలేదు. అయినా మార్చాడు! భోజనాల వేళ దాటాక నిచ్చెన వేసి, ఎండుమండ విప్పి, పచ్చిమండ కట్టాడు. ఎండుమండని అటక మీదికి విసిరేశాడు. భార్యకి కూడా చెప్పలేదు.

ఎంత తెలివైనవాడో చూడండి! హోళీనాటికి వేప చెట్టుకి పూత కూడా ఉండదు. వైశాఖంలో కోసిన మండకి పచ్చి కాయలుంటాయి. గవరయ్య కట్టిన మండకి గుత్తులు గుత్తులుగా వేపకాయలు వేలాడుతున్నాయి. అతని కళ్ళకి పచ్చటి ఆకులే కనిపించాయి.

మర్నాడు మధ్యాహ్నం కోశాధికారి బావమరిది పల్లకీ దిగాడు. సరిగ్గా అప్పుడే చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఒక ముసలిది అటు వచ్చింది. గుమ్మం వైపు చూసింది. తట్ట కింద పడేసింది.

"ఓయమ్మో! నిన్నటిదాకా ఎండిపోయి ఉన్న మండకి కాయలు కాశాయి! చచ్చిన కొమ్మకి కాయలు కాశాయర్రో!"

జనం పోగయ్యారు. అందరూ మండ వైపే నోళ్ళు వెళ్ళబెట్టి చూశారు. సరిగ్గా అప్పుడే సముద్రంమీదినించి గాలి మళ్ళింది. ఏటా వైశాఖంలో మొదలై రోజూ ఆ వేళకి మళ్ళే గాలే అది, ఆ ఏడు మళ్ళడం అదే మొదలు. ఇంటి లోపలినించి, పైనుంచి, ఎవరో మూలుగుతున్నట్టు ఒక చప్పుడు వచ్చింది. ఊఁ... అని సన్నగా మొదలై, లావై, ఇల్లంతా నిండిపోయింది.

కోశాధికారి బావమరిది పల్లకీ ఎక్కడం కూడా మరిచిపోయి వీధంట పరుగు తీశాడు. బోయీలు ఖాళీ పల్లకీతో వెనకాల పరిగెత్తారు. వీధి వీధంతా తలుపులు వేసుకుంది.

ఆ రోజునించి గవరయ్య ఇల్లు దయ్యాల కొంప అయింది. పిల్లలు అటు ఆడుకోవడం మానేశారు. నీళ్ళ బిందెలవాళ్ళు చుట్టుదారిన పోయారు. గంటలు చేయించుకోవడానికి కూడా ఎవరూ రాలేదు.

మరి ఆ ఇంట్లో ఉన్న గవరయ్య మాటేమిటి? రోజూ గాలి మళ్ళే వేళకి ఆ మూలుగు మొదలయ్యేది. అతను మండువాలో స్తంభం పట్టుకుని బిగుసుకుపోయేవాడు. జనానికి అది దయ్యం మూలుగు. గవరయ్యకి అది ఎర్రయ్య ఏడుపు. అచ్చం వాడి గొంతే. చిన్నప్పుడు జ్వరమొస్తే అలాగే మూలిగేవాడు. 'వాణ్ణి చంపేశారేమో. వాడే వచ్చి అటక మీద కూర్చుని నన్ను పిలుస్తున్నాడేమో.' ఈ ఆలోచన వచ్చిందంటే అతనికి అన్నం ముద్ద దిగేది కాదు. నిచ్చెన వైపు చూడాలంటేనే ఒళ్ళు జలదరించేది.

వైశాఖ పున్నమి వచ్చింది. పడవవాడు వచ్చాడు. చెయ్యి చాపాడు. ఈసారి కూడా జుట్టు పాయే. కానీ సగం నల్లగా, సగం తెల్లగా ఉంది.

నూకమ్మ కెవ్వున కేక వేసింది. ఇరవై రెండేళ్ళ పిల్లాడికి తెల్లజుట్టా? ఎంత భయపడి ఉంటే నెల తిరక్కుండా జుట్టు తెల్లబడుతుంది! పడవవాడు ఒక వేలు చూపించాడు. ఇంకొక్క పున్నమి. తెడ్డు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే జగ్గారాయుడు వచ్చాడు. ఈసారి తీరుబడిగా కూర్చున్నాడు, కాలు మీద కాలు వేసుకున్నాడు. "దయ్యాల కొంపని ఎవడు కొంటాడన్నా? నీ కష్టం చూడలేక నేనే తీసుకుంటాను. నూటయాభై."

"నూటయాభైతో నా తమ్ముడు సగమేగా వచ్చేది!" అన్నాడు గవరయ్య.

"ఆలోచించుకో. వచ్చే వారం వందే అంటాను," అని లేచిపోయాడు. ఊళ్ళో దయ్యం మాటని ఇంటింటికీ మోసింది వాడేనని గవరయ్యకి అప్పుడు తట్టింది. తట్టి ఏం లాభం? పద్దెనిమిది రోజులు గడిచినా ఒక్క మనిషి గుమ్మం తొక్కలేదు. ఒకనాడు నూకమ్మ ఆ రెండు జుట్టుపాయలూ తెచ్చి మొగుడి ఒళ్ళో పెట్టింది. గవరయ్య లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా పైడమ్మ ఇంటికి నడిచాడు.

పైడమ్మ అరుగు మీద కూర్చుని తాడు పేనుతోంది. గవరయ్య ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. కూర్మయ్య మాట, సింహాద్రయ్య మాట, మండ మార్చిన మాట, ఏదీ దాచకుండా అన్నీ కక్కేశాడు.

ఆవిడ తిట్టలేదు. "ఎన్నాళ్ళుంది?" అని అడిగింది.

"పన్నెండు రోజులు పెద్దమ్మా."

"భయమేస్తోందా?"

"ప్రాణం పోతోంది."

"నాకూ భయంగానే ఉంది నాయనా. అయినా చేద్దాం. ఇప్పుడు ధర మూడొందల ముప్ఫై."

"అప్పుడు నాలుగొందల ముప్ఫై అన్నావుగా!"

"అప్పుడు నీ గుమ్మానికి మండ పచ్చగా ఉంది. ఇప్పుడు నీ ఇంటికి దయ్యం పేరుంది. ఊరు ఇచ్చేదే ధర నాయనా, నేను పెంచితే పెరిగేది కాదు. ఇష్టమైతే సరే, లేదంటే ఇంకొకరిని చూసుకో."

"ఇష్టమే, ఇష్టమే," అన్నాడు గవరయ్య.

"అయితే ముందు నీ నోటితో నువ్వు మండ మార్చావని వీధి వీధికీ చెప్పాలి. ఆ పాత మండ ఎక్కడ పారేశావు?"

"అటక మీద."

"మంచిది. గాలి మళ్ళే వేళకే ఎక్కుదువు గాని."

పైడమ్మ దండోరా వేయించింది. మర్నాడు మధ్యాహ్నానికి జనం వచ్చారు. వచ్చారంటే దగ్గరికి రాలేదు, వీధి చివర గుంపుగా నిలబడ్డారు. ఆడవాళ్ళు పిల్లల్ని వెనక్కి లాక్కుంటున్నారు. గవరయ్య గుమ్మం ముందు నిలబడి తల వంచుకున్నాడు.

"మండ నేనే మార్చాను. ఆ కాయలు దయ్యం కాయించలేదు. నా దురాశ వల్ల, నా భయం వల్ల ఇంత పాడుపని చేశాను. పాత మండ తెచ్చి మళ్ళీ కడతాను."

ఆ మాట అంటుండగానే గాలి మళ్ళింది. ఊఁ... అని ఇల్లు మూలిగింది. జనం పది అడుగులు వెనక్కి జరిగారు. గవరయ్య పై ప్రాణాలు పైనే పోయాయి. ఎండుమండ కావాలంటే ఇప్పుడే, ఆ మూలుగులోకే ఎక్కాలి.

"నేను నిచ్చెన పట్టుకుంటాను," అంది పైడమ్మ. "తలుపులన్నీ తీసే ఉంచాను. ఎక్కు."

ఒక మెట్టు ఎక్కాడు. మూలుగు పెరిగింది. రెండో మెట్టు ఎక్కాడు. పై మెట్టు చేరేసరికి తల అటకలోకి వెళ్ళింది. చీకటి. చీకట్లో పాత గంటలూ పళ్ళేలూ ఏదో పట్టి ఊపుతున్నట్టు వణుకుతున్నాయి. వాటి మధ్యనుంచి ఆ ఏడుపు. అన్నా... అని పిలుస్తున్నట్టే ఉంది.

"ఎర్రయ్యా!" అని అరిచాడు గవరయ్య. "నన్ను క్షమించరా! నువ్వు బతికున్నావో లేదో చెప్పరా!"

అదే మూలుగు. గవరయ్య పాక్కుంటూ ముందుకు పోయాడు. పడమటి గోడ దగ్గర మొహానికి చల్లగా గాలి కొట్టింది. చేత్తో తడిమాడు. వేలెడంత సందు. సున్నం అందని చోట మిగిలిపోయిన పగులు. అరచెయ్యి ఆ సందుకి అడ్డం పెట్టాడు.

మూలుగు ఆగిపోయింది.

చెయ్యి తీశాడు. ఊఁ... అంది. చెయ్యి పెట్టాడు. ఆగింది. గాలి ఇరుకు సందులో దూరి ఈల వేస్తోంది, ఆ ఈలకి కంచు గంటలన్నీ కలిసి ఊఁకొడుతున్నాయి. పెద్ద పగులుగా ఉన్నన్నాళ్ళూ గాలి హాయిగా వచ్చిపోయింది. సున్నం పూసి దాచబట్టే అది గొంతు తెచ్చుకుంది.

గవరయ్య అక్కడే కూర్చుని ఏడ్చాడు. తమ్ముడు చచ్చి రాలేదు, ఇంకా వాడు బతికే ఉండొచ్చు. కళ్ళు తుడుచుకుని, ఒక పెద్ద గంట తీసుకుని గోడకేసి నాలుగు పోట్లు పొడిచాడు. సున్నం పెళ్ళలు పెళ్ళలుగా ఊడి వీధిలో పడింది. అటకలోకి వెలుగొచ్చింది. ఆ వెలుగులో, ఆకులన్నీ రాలిన ఎండుమండ కనిపించింది. దాన్ని పట్టుకుని కిందికి దిగి, అందరూ చూస్తుండగా కాయల మండ తీసేసి గుమ్మానికి కట్టాడు.

జనం ఒక్కొక్కరే దగ్గరికి వచ్చారు. పైడమ్మ కొలతాడు పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. "ఇదిగో పగులు. ఇదిగో దూలానికి చెద. మిగతా ఇల్లు రాయిలా ఉంది, మీరే తట్టి చూసుకోండి. ధర మూడొందల ముప్ఫై."

ఆ గుంపులో మాచయ్య అని ఒక ఓడవడ్రంగి ఉన్నాడు. దూలం కిందికి వెళ్ళి గోటితో గీకి చూశాడు. పకపకా నవ్వాడు. "దీనికా ఇంత గోల! ఓడల అడుగుదూలాలే మారుస్తాను నేను. ఇది నాకు రెండు రోజుల పని. రెండొందల తొంభై ఇస్తాను."

గవరయ్య గుండె జారింది. పది తక్కువ! 'సరే అనేస్తే? ఆ పది ఎవరినైనా బతిమాలితే?' నోరు తెరవబోయాడు. పైడమ్మ అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"మాచయ్యా, నిరుడు ఈ వీధిలో ఇళ్ళు ఎంతకి పోయాయో నీకు తెలుసు, నాకు తెలుసు. వాటిలో అన్నిటికంటే తక్కువది నాలుగొందలకి పోయింది. దూలానికి ఒక ఇరవై, గోడకి ఒక ఇరవై పోనీ. దయ్యం పేరుకి ఇంకో నలభై పోనీ. ఆ దయ్యం ఏమిటో నీ కళ్ళతో నువ్వే చూశావు. మూడొందల ఇరవై ఇవ్వు. అంతకి తగ్గితే నీకూ న్యాయం కాదు."

మాచయ్య గడ్డం గోక్కున్నాడు. పైడమ్మ వైపు చూశాడు, గోడ వైపు చూశాడు.

"నువ్వు దాచి చెప్పే మనిషివి కాదు పైడమ్మా. సరే, మూడొందల ఇరవై. నా ఓడ అమ్మిన డబ్బు రావాలి, పున్నమి ముందు రోజు ఇస్తాను."

పైడమ్మ మండ విప్పింది. ఆ పదకొండు రోజులూ గవరయ్య, నూకమ్మ నిద్రపోలేదు. మాచయ్య మనసు మారితే? ఓడ డబ్బు రాకపోతే? మాట ప్రకారం పున్నమి ముందు రోజు మాచయ్య మూట తెచ్చాడు. తన వాటాగా పైడమ్మ పది మాడలు తీసుకుంది. పని చేసింది, తీసుకుంది.

ఏరువాక పున్నమి. మిట్టమధ్యాహ్నం. పడవవాడు మూట అందుకుని సముద్రంలోకి పోయాడు. దూరాన నల్లతెరచాప ఓడ కనిపిస్తోంది. గవరయ్య, నూకమ్మ ఇసకలో నిలబడ్డారు. డబ్బు తీసుకుని దొంగలు మనిషిని పంపకపోతే అడిగే దిక్కేది? పొద్దు వాలింది. నల్లతెరచాప లేచింది. ఓడ కదిలిపోయింది. నూకమ్మ మొగుడి చెయ్యి నలిగిపోయేంత గట్టిగా పట్టుకుంది.

ఓడ జరిగిన చోటినించి చిన్న పడవ ఒకటి బయటపడింది. అందులో ఇద్దరున్నారు.

ఒడ్డుకి దిగినవాణ్ణి చూసి, ఎవరో ముసలాయన అనుకుంది నూకమ్మ. తలంతా ముగ్గుబుట్ట. దగ్గరికొచ్చాక కళ్ళు చూసి గుర్తుపట్టింది. ఎర్రయ్య!

గవరయ్య వాణ్ణి కావలించుకున్నాడు. వాడు గాలికి ఆకు వణికినట్టు వణుకుతూనే ఉన్నాడు. అన్న భుజం మీదినించి తల ఎత్తి చెప్పాడు.

"ముగ్గురం ఉండేవాళ్ళం అన్నా. మొదటి పున్నమికి ఒకడి అన్న డబ్బు పంపాడు, వాడు నవ్వుతూ పోయాడు. రెండో పున్నమికి ఇంకొకడి వాళ్ళు పంపారు. నేనొక్కణ్ణే మిగిలాను. మీవాళ్ళకి నువ్వు అక్కర్లేదురా అని ఆ దొంగలు రోజూ అనేవాళ్ళు. మనకున్నది ఇల్లొక్కటే, అది ఇంకా అమ్ముడుపోలేదేమో అనుకునేవాణ్ణి." వాడు అన్న మొహంలోకి చూశాడు. "ఎవరూ అడగలేదా అన్నా మన ఇంటిని?"

బియ్యం కొట్టు కూర్మయ్య గుర్తొచ్చాడు గవరయ్యకి. మొదటి వారం. నాలుగొందల ఇరవై. 'రేపే చేతిలో పెడతాను' అన్న మాట గుర్తొచ్చింది. అబద్ధం చెబితే తమ్ముడు నమ్మేసేవాడే. కానీ దాచినవి మూలుగుతాయని గవరయ్యకి ఇప్పుడు తెలుసు.

"అడిగారురా," అన్నాడు. "నేనే ఇవ్వలేదు. గోడలకి వెయ్యి రావాలనుకుని నిన్ను మూడు పున్నములు అక్కడే ఉంచాను."

ఎర్రయ్య వెనక్కి తిరిగి సముద్రం వైపు చూశాడు. తర్వాత అన్న చెయ్యి పట్టుకుని, "పద అన్నా, ఆకలేస్తోంది," అన్నాడు.

మిగిలిన పది మాడలతో వాళ్ళు రేవు పక్కన ఒక పాక వేసుకుని మళ్ళీ కొలిమి రాజేశారు. ఎర్రయ్య జుట్టు మళ్ళీ నల్లబడలేదు. గవరయ్య ఆ ఎండుమండని పాక గుమ్మానికి కట్టుకున్నాడు. అమ్మకానికా అని ఎవరైనా అడిగితే, కాదు, నా జ్ఞాపకానికి అనేవాడు.

కథ రేవు చేరింది, మనం పక్కలు చేరదాం. పడుకునే ముందు ఇది ఒక్కటి మనసులో పెట్టుకోండి: ఉన్నదాన్ని అమ్మేటప్పుడు మన ఆశ చెప్పిన ధర కాక నలుగురూ ఇచ్చే ధరే అడగాలి, చెవికి తీపిగా పొగిడేవాణ్ణి వదిలి లోపాన్ని మొహం మీదే చెప్పే మనిషిని నమ్ముకోవాలి.